మొన్ననే వేయించిన టైర్లు

జూన్ 14

వాన వెలిసి ఎండ ఇంకా రాని ఈ ఉదయాన, మేడ మీది గదిలో, కిటికీ పక్క బల్ల ముందు కూర్చుని, నేనొక్కదాన్నే చదువుకోవడానికి ఈ పుస్తకాన్ని ఆరంభిస్తున్నాను. నా ఉద్యోగమంతా తాళపత్రాల మధ్య గడిచింది. ఏ గ్రంథమైనా మొదట తన ప్రయోజనమేమిటో చెప్పుకోవాలని, చివర రాసిన కాలం తెలిపి చదివేవారికి శుభం పలకాలని ఆ ఆకులే నాకు నేర్పాయి. ఆ మర్యాద తప్పను. ఈ గ్రంథ ప్రయోజనం నా కారుకు కొత్త టైర్లు ఎంచుకోవడం. వేగం కోసమే పుట్టిన వాహనమది. అంత వేగమూ నేలను తాకేది నాలుగు అరచేతుల మేర మాత్రమే. ఆ నాలుగు అరచేతుల మీద మరొక ప్రాణిని కూర్చోబెట్టుకుని తీసుకుపోయేవారు అవి ఎటువంటివో విచారించడం ధర్మం. సందర్భం ఇది, దాని అర్థమూ ఇదే.

ఇంతకు మించి ఇందులో వేరే విషయమేదీ ఉండదు.

జూన్ 15

జరిగినదాన్ని జరిగినట్టే రాసి పెట్టాలి. లేకుంటే విచారణకు ఆధారం ఉండదు.

గురువారం సాయంత్రం పిచ్చుకను ఈత క్లాసు నుంచి ఇంటికి తీసుకొస్తున్నాను. పిచ్చుక నా మనవరాలు. బడిలో రాసే పేరు వేరే ఉంది గాని, ఒక కొమ్మ మీద నిలవని పిల్లకు ఆ పేరు అతకలేదని నేనే మార్చాను. ఈ ఏటి తొలి వాన అప్పుడే మొదలైంది. పెద్ద కూడలిలో గుండ్రని తోట చుట్టూ తిరుగుతుండగా బండి వెనక భాగం నా మాట వినడం మానేసింది. నేను ఎడమకు చెబితే అది కుడికి పోయింది. కుడికి చెప్పేలోగా గిరుక్కున తిరిగింది. ఆగేసరికి మేము వచ్చిన దారికే ముఖం పెట్టి నిలబడి ఉన్నాం. ఎదురుగా ఒక పాల వ్యాను, చాలా దూరంలో, నెమ్మదిగా వస్తోంది. ఆ దూరాన్ని ఇంకా తలుచుకుంటూనే ఉన్నాను.

"నాయనమ్మా, మనం వెనక్కి తిరిగిపోయాం," అంది పిచ్చుక.

"ఏదైనా మరిచిపోయామేమో చూసుకుందామని," అన్నాను.

అది నవ్వింది. ఆ తరువాత ఇల్లు చేరేదాకా సీటు బెల్టును రెండు చేతులా పట్టుకునే కూర్చుంది.

ఇంట్లో, "వానకు బండి కాస్త జారింది," అని మాత్రం చెప్పాను. భోజనాల దగ్గర పిచ్చుక ఖాళీ పళ్లెంలో చెంచాను గిర్రున తిప్పి మిగిలినది వాళ్లమ్మకు చూపించింది. చెంచా ఆగినప్పుడు దాని మొన నా వైపు ఉంది.

జూన్ 16

కోడలు పిచ్చుకను ఈతకు బస్సులో తీసుకెళ్లింది. మంచిదే. బస్సులో తిరిగితే పిల్లలకు లోకం తెలుస్తుంది.

జూన్ 17

తమ్ముడు వచ్చాడు. కారు మొదట వాడిదే. వయసులో ఉన్నప్పుడు పందేలలో నడిపినవాడు. నేను స్టీరింగు పట్టడం నేర్చుకున్నదీ వాడి బళ్ల మీదే. నడుము దెబ్బతిని ఇంత కిందికి ఉండే సీట్లో కూర్చోలేని స్థితి వచ్చాక, ఏళ్ల తరబడి కారును షెడ్డులో గుడ్డ కప్పి ఉంచి, అప్పుడప్పుడు ఇంజను వేసి ఆ చప్పుడు విని తృప్తిపడేవాడు. పోయిన శీతకాలం తాళం తెచ్చి నా చేతిలో పెట్టాడు. "దీంట్లో కూర్చుంటే నన్ను లేపడానికి క్రేను తేవాలి. నువ్వైతే ఇంకా వంగుతున్నావు కదక్కా," అన్నాడు.

ఇవాళ వాడిని కారు దగ్గర నిలబెట్టి, టైర్లు మార్చాలనుకుంటున్నానని చెప్పాను.

"ఎందుకు?" అన్నాడు. ఇంటి పేరు మార్చాలనుకుంటున్నానని చెప్పినా అంతగా తెల్లబోయి ఉండడు. "మొన్ననే వేయించాను. బంగారంలాంటి టైర్లు. గాడులు చూడు, వేలు పెడితే మునుగుతుంది." వంగలేక చేతికర్ర మొన గాడిలో పెట్టి చూపించాడు. నిజంగానే లోతుగా ఉన్నాయి.

"మరి ఎందుకు జారింది?"

"మలుపులో యాక్సిలరేటరు మీంచి కాలు ఠక్కున తీసేసుంటావు. ఈ జాతి బళ్లకు అది గిట్టదు. లేకపోతే స్టీరింగు మీద చెయ్యి..."

అక్కడ ఆగిపోయాడు. వాడి చూపు నా కుడి చేతి మీదికి వచ్చి, వెంటనే కారు అద్దం మీదికి వెళ్లింది. నేను చేతిని శాలువా లోపలికి తీసుకున్నాను. మా నాన్నగారి చేతులను ఆఖరి రోజుల్లో మేమిద్దరమూ చూసినవాళ్లమే. ఆ మాట ఇద్దరమూ ఎత్తలేదు.

"టీ తాగుతావా?" అన్నాను.

"తాగుతాను," అన్నాడు, చాలా సంతోషంగా.

చేతి సంగతి ఇందులో రాయను. ఇది టైర్ల పుస్తకం.

జూన్ 18

టైర్ల దుకాణానికి వెళ్లాను. దాని యజమానురాలు నలభై దాటిన మనిషి. కళ్లజోడును జుట్టులోకి తోసుకుని, ఒకేసారి ఫోనులో ఒకరితోనూ ఎదురుగా ఇద్దరితోనూ మాట్లాడగలదు. గోడ వెంట టైర్లు స్తంభాల్లా పేర్చి ఉన్నాయి. ఆ వాసనలో కొత్త చెప్పుల దుకాణమూ కాలిన తాడూ కలిసి ఉన్నాయి.

"ఎవరు నడుపుతారండీ దీన్ని?" అంది కారును చూసి.

"నేనే."

ఆమె నన్ను చూసింది, మళ్లీ కారును చూసింది, తరువాత నాకు కుర్చీ తెప్పించింది. "మా మావగారికి మోపెడ్ ఎక్కాలన్నా భయమండీ. రండి, కూర్చోండి."

మూడు రకాలు దింపించింది. మొదటిది మా తమ్ముడి జాతి. మెత్తటి రబ్బరు, తక్కువ గాడులు. పొడి నేలను జిగురులా పట్టుకుంటుంది, వేడెక్కినకొద్దీ ఇంకా పట్టు పెరుగుతుంది. వాన పడితే దాని పౌరుషం సగం కొట్టుకుపోతుందట. రెండవది గట్టిది. ఏళ్ల తరబడి అరగదు, కాని దేన్నీ గట్టిగా పట్టుకోదు. అటువంటి మనుషులు నాకు కొందరు తెలుసు. మూడవది వాన కోసం చేసినది. దాని వెడల్పాటి గాడులు నీటిని పక్కలకు పంపేసి రబ్బరును నేలకు అప్పగిస్తాయి. స్టీరింగు తిప్పితే మొదటిదాని కంటే రవ్వంత ఆలోచించి తిరుగుతుందని చెప్పింది.

"మాట్లాడే ముందు ఆలోచించేవాళ్లంటే నాకు గౌరవమేనమ్మా," అన్నాను.

ఆమె నవ్వి, బయటికి వచ్చి నా టైర్ల గాడులలో కొలత పుల్ల పెట్టి చూసింది. "ఒక మాట చెప్పనా? నాకు అమ్ముకుంటేనే కదా లాభం. కానీ పైకి చూస్తే ఇవి బాగానే ఉన్నాయి. మార్చాల్సిందేనా?"

"మార్చాల్సిందే," అన్నాను.

అంత గట్టిగా ఎందుకన్నానో నాకు తెలుసు. ఇక్కడ రాయనవసరం లేదు.

జూన్ 19

భూతద్దం తీసుకుని, చాప వేసుకుని కూర్చుని, టైరు పక్క మీద ఉన్న రాతలన్నీ చదివాను. వెడల్పు, ఎత్తు, మోయగల బరువు, తట్టుకోగల వేగం. అన్నీ దుకాణంలో చెప్పినవాటితో సరిపోయాయి. పాఠభేదాలు లేవు.

వెనక రెండు మాత్రం మారిస్తే సరిపోదా అని ఒక ఆలోచన వచ్చింది. సరిపోదు. పద్యంలో రెండు పాదాలు ఒక ఛందస్సులోనూ రెండు పాదాలు మరొక ఛందస్సులోనూ రాసి తెచ్చినవాడిని మా గురువుగారు గుమ్మం దగ్గరే ఆపేసేవారు. నాలుగూ ఒకే జాతివి కావాలి.

పెద్దలు ఈ శరీరాన్ని రథంతో పోల్చారు. గుర్రాలను వర్ణించారు, పగ్గాలను వర్ణించారు, సారథి ఎటువంటివాడై ఉండాలో విస్తరించి చెప్పారు. చక్రాల గురించి ఎవరూ ఒక్క మాటైనా అన్నట్టు గుర్తు లేదు. రథం జారితే తప్పంతా సారథిదేనని అనుకున్నారు కాబోలు.

జూన్ 20

అబ్బాయి వంతెనల పని మీద ఊళ్లు తిరుగుతుంటాడు కనుక ఇంట్లో ఉండేది మేము ముగ్గురమే. ఇవాళ కోడలు టీ కప్పు తెచ్చి బల్ల మీద పెట్టి, వెళ్లకుండా నిలబడింది. కప్పును నాకు అందివ్వలేదు, బల్ల మీద పెట్టింది. ఎప్పటి నుంచి ఇలా చేస్తోందో నేను గమనించనే లేదు.

"అత్తయ్యా, పోటీ రోజున మేం టాక్సీలో వెళ్తాంలెండి," అంది.

జూలై మొదటి ఆదివారం పిచ్చుకకు ఈత పోటీ. తెల్లవారుజామున దాన్ని లేపి, ఆవులిస్తున్నదాన్ని కార్లో వేసుకుని ఆ నీళ్ల దాకా తీసుకెళ్లింది ఇన్ని నెలలూ నేనే. పోటీకి కూడా నేనే తీసుకెళ్తానని దానికి మాటిచ్చాను.

"టాక్సీ ఎందుకమ్మా?"

"మీరు అలిసిపోతారని."

"పరిగెత్తేది కారు. నేను కూర్చునే ఉంటాను కదా."

నవ్వింది, కాని ఆ నవ్వు కళ్ల దాకా వెళ్లలేదు. "మీరంటే దానికి ప్రాణం. మీతో రానని అది అనలేదు. నేనే..." అని, వాక్యాన్ని కప్పు పక్కనే వదిలేసి వెళ్లిపోయింది.

మంచి పిల్ల. నోరు చేసుకునే కోడలైతే జవాబు చెప్పి గెలిచేదాన్ని. ఈ పిల్లతో ఎలా?

జూన్ 21

సూదిలో దారం ఎక్కలేదు. వెలుతురు చాలలేదు.

జూన్ 22

వెలుతురు బాగానే ఉంది.

జూన్ 23

పుస్తకం మొదట్లో ఒక అబద్ధం రాశాను. ఇందులో వేరే విషయమేదీ ఉండదని. చదివేది నేనొక్కదాన్నే అయినప్పుడు మోసపోయేదీ నేనే కదా.

మా నాన్నగారు లేఖకుడు. ముత్యాలు పేర్చినట్టుండేది ఆయన రాత. చివరి ఏళ్లలో ఆయన చేతులు ఒళ్లో పెట్టుకున్న రెండు పక్షుల్లా కొట్టుకుంటూ ఉండేవి. ఆ పక్షులు నా చేతిలోకీ వచ్చాయని ఈ ఏడాది మొదట్లో అనుమానం కలిగింది. అనుమానం కలిగిన రోజు నుంచి కప్పులు రెండు చేతులతో పట్టుకుంటున్నాను. ఎవరూ చూడలేదనుకున్నాను. తమ్ముడు చూశాడు. కోడలు చూసి కప్పు బల్ల మీద పెట్టడం మొదలుపెట్టింది.

ఆ రోజు కూడలిలో బండి తిరిగింది నా చేతి వల్లనే అయితే, పిచ్చుకను పాల వ్యాను ముందుకు తీసుకెళ్లినదాన్ని నేనే. ఆ వాక్యాన్ని మోయలేక టైర్ల మీద వేశాను. వాటికి నోరు లేదు, కాదనవు. బాగున్న టైర్లను తీసేయించి, కొత్తవి వేయించి, "ఇక భయం లేదు" అని ఇంట్లో అందరినీ నమ్మించి, పోటీ రోజున పిచ్చుకను కూర్చోబెట్టుకోవాలన్నది నా పన్నాగం. ఇప్పుడు రాసి చూసుకుంటే సిగ్గుగా ఉంది.

ఆసుపత్రికి ఫోను చేశాను. నరాల వైద్యురాలు ఇరవై ఎనిమిదిన రమ్మంది. ఆమె నడపవద్దంటే తాళం తమ్ముడికి తిరిగి ఇచ్చేస్తాను. పిచ్చుకకు ఏం చెప్పాలో ఇంకా తెలియదు.

టైర్ల సంగతి: మార్పించేస్తాను. తాళం తిరిగి ఇచ్చినా ముస్తాబు చేసి ఇవ్వడం మర్యాద.

జూన్ 25

ఏ రకం తీసుకోవాలన్న దాని మీద తమ్ముడితో ఫోనులో పెద్ద వాగ్వాదం.

"వాన టైర్లా? పులికి గొడుగు పడతావా అక్కా?"

"పులి కూడా వానలో తడుస్తుందిరా. దానికీ జలుబు చేస్తుంది."

"ఆ బండి దేనికోసం పుట్టిందో తెలుసా నీకు? ఆ మెత్తవాటి మీద అది మలుపు తిరుగుతుంటే..."

"ఎండలో మలుపు తిరిగితే చూసేవాళ్లు చప్పట్లు కొడతారు. నేను వానలో ఒక పిల్లను ఇంటికి తేవాలి."

"నీ ఇష్టం. పెద్దదానివి," అని పెట్టేశాడు. వాడికి కోపం వచ్చినప్పుడు మాత్రమే నేను పెద్దదాన్ని.

పిల్లను ఇంటికి తేవాలి అని నా నోటి నుంచి వచ్చింది. నమ్మకం లేని చోట కూడా నాలుక ముందుగా వెళ్లి చోటు పట్టుకుంటుంది.

జూన్ 26

చెయ్యి వణుకుతోంది. ఈసారి సంతోషానికి, కనుక దాచకుండా రాస్తాను.

మూడవ రకమే నాలుగు చక్రాలకూ వేయమని చెప్పాను. కారును లిఫ్టు మీద పైకెత్తి చక్రాలు విప్పి, రిమ్ముల నుంచి టైర్లను ఊడదీసి, పక్కన దొర్లించారు. ఒకటి దొర్లి వచ్చి నా కుర్చీ దగ్గర వెల్లకిలా పడింది. ఇంతకాలం బండి అడుగుకు తిరిగి ఉండి ఎవరికీ కనబడని లోపలి వైపు ఇప్పుడు పైకి వచ్చింది.

తాటాకు ముందు వైపు చదివి తృప్తిపడేవాళ్లను నా గ్రంథాలయంలో నేను పనిలో పెట్టుకోలేదు. గ్రంథం ఎప్పటిదో తెలిపే మాటలు చివరి ఆకు వెనక వైపు ఉంటాయని చేరిన మొదటి రోజే చెప్పేదాన్ని. అటువంటి నేను, భూతద్దం పట్టుకుని చాప మీద కూర్చుని, పై వైపు మాత్రమే చదివి లేచి వెళ్లాను. ఎందుకంటే "మొన్ననే వేయించాను" అని తమ్ముడు చెప్పాడు. పరాయివాళ్లు చెప్పిన కాలాన్ని జీవితంలో ఏనాడూ నమ్మలేదు. తోడబుట్టినవాడి మాట కనుక పరీక్షించాలనే తోచలేదు.

వంగి చూశాను. లోపలి వైపు మిగిలిన రాతలతో పాటు, కోలగా గీసిన ఒక గీత మధ్యన నాలుగు అంకెలు విడిగా ఉన్నాయి. విడిగా, గీత కట్టి రాసిన అంకెలు ఏ గ్రంథంలోనైనా కాలాన్నే చెబుతాయి.

"ఇది చేసిన సంవత్సరమా?" అని అడిగాను.

యజమానురాలు కళ్లజోడు జుట్టులోంచి కిందికి దింపుకుంది. "మొదటి రెండూ వారమండీ, చివరి రెండూ సంవత్సరం." చదివి, మళ్లీ చదివి, మిగిలిన మూడింటినీ తిప్పి చూసింది. "అన్నీ అప్పటివే. మేడమ్, ఇవి మీ మనవరాలి కంటే పెద్దవి."

పిచ్చుక కంటే పెద్దవి. అబ్బాయి పెళ్లి నాటికే చేసి ఉన్నవి. షెడ్డులో గుడ్డ కింద కూర్చుని, ఒక్క గాడి కూడా అరగకుండా, లోలోపల ఎండిపోయినవి.

అప్పుడు కాని నాకు తెలిసిన సంగతి నాకు గుర్తు రాలేదు. నూనె పట్టించకుండా ఏళ్ల తరబడి పెట్టెలో ఉంచిన తాటాకు పైకి చక్కగా ఉంటుంది. అక్షరాలు నిన్న రాసినంత స్పష్టంగా ఉంటాయి. వంచితే చాలు, పుటుక్కున విరుగుతుంది. పాత టైరు గాడి అడుగున గోరు నొక్కాను. రాయిని నొక్కినట్టుంది. గాడిని విప్పి చూస్తే లోపల వెంట్రుక వంటి సన్నని పగుళ్లు, బారులు బారులుగా. పక్కనున్న కొత్తదాన్ని నొక్కితే గోరు దిగి, అచ్చు పడి, మెల్లగా మళ్లీ పూడింది.

"వీటితో వానలో తిరిగారా?" అంది ఆమె.

"తిరిగాను. ఒక చుట్టు."

"ఎవరు నడిపినా తిరిగేదేనండీ ఇది. పందెగాడు నడిపినా సరే. పైకి చూసి బాగున్నాయన్నాను కదా, లోపలి వైపు నేనూ చూసి ఉండాల్సింది."

"పర్వాలేదమ్మా," అన్నాను. "అనకముందు చూడాల్సినవాళ్లలో నీ వంతు నా తరువాతే."

కుర్చీలో కూర్చుండిపోయాను. గొప్ప నిబ్బరం గలదాన్నని పేరున్న మనిషిని, టైర్ల మధ్య కూర్చుని శాలువా చెంగుతో కళ్లు తుడుచుకున్నాను. ఆమె చూడనట్టు ఫోను ఎత్తి ఎవరితోనో గాలి గురించి మాట్లాడింది. ఫోను మోగనే లేదు.

నేను కట్టిన అబద్ధం నిజమని తేలింది. ఇటువంటి విచిత్రం ఏ కథలో చదివినా కవి అతి చేశాడనేదాన్ని.

పాత టైరు ఒకటి ఇంటికి తెచ్చాను. తమ్ముడికి చూపించాలి.

జూన్ 27

చూపించాను. చేతికర్ర మొనతో నాలుగు అంకెలనూ ఒక్కొక్కటే తడిమాడు.

"మొన్ననే వేయించాను," అన్నాడు చివరికి, కాని ఈసారి నాకు చెప్పడం లేదు. "వేయించిన రోజు నాకు బాగా గుర్తక్కా. అప్పటికి నా నడుము బాగానే ఉంది. వేయించుకుని నేనే నడుపుకుంటూ వచ్చాను. ఆ తరువాత ఆ బండి నడిపింది ఏముంది? అందుకే అది మొన్నలాగే ఉండిపోయింది."

వాడిని ఎగతాళి చేయడానికి రాత్రి నుంచి రెండు మూడు మంచి మాటలు సిద్ధం చేసుకుని ఉన్నాను. ఒకటీ వాడలేదు.

"మనిద్దరికీ మొన్న బాగా పొడుగైపోయిందిరా," అన్నాను.

"నీ చెయ్యి అన్నాను."

"సగమే అన్నావు."

"ఆ సగం చాల్లే. పిల్లను కూర్చోబెట్టుకుని నువ్వు... నేనిచ్చిన బండి మీద..." కర్రతో టైరును ఒక పోటు పొడిచాడు. "రేపు ఆసుపత్రికి నేనూ వస్తాను."

నేను చెప్పలేదు. కోడలు చెప్పిందట. కోడలికీ నేను చెప్పలేదు. ఈ ఇంట్లో గోడలకు చెవులు అక్కర్లేదు, ఒక్క కోడలు చాలు.

వెళ్లేటప్పుడు కొత్త టైర్ల గాడులను వంగలేక వంగి చూసి, "గొడుగు బాగానే ఉంది," అన్నాడు.

జూన్ 28

టైర్లు నిర్దోషులు కావని తేలినంత మాత్రాన చెయ్యి నిర్దోషి కాదు. అందుకే వెళ్లాను.

వైద్యురాలు చిన్న వయసు మనిషి. నన్ను నడిపించింది, వేళ్లు తట్టించింది, ఒక గ్లాసులోంచి మరొక గ్లాసులోకి నీళ్లు పోయించింది, కాగితం మీద సుడిలా చుట్ట గీయమంది. జీవితంలో నేను గీసిన అతి వికారమైన చుట్ట అది. చూస్తే వర్షంలో తడిసిన నత్తలా ఉంది.

"మీ నాన్నగారి చేతులు ఎప్పుడు వణికేవి?" అని అడిగింది.

"ఎప్పుడూ. ఊరికే కూర్చున్నా, ఒళ్లో పెట్టుకున్నా."

"ఏదైనా పట్టుకున్నప్పుడు?"

ఆలోచించాను. తమ్ముడు ముందు చెప్పాడు. "కాస్త ఆగేవి. అందుకే ఎప్పుడూ చేతిలో కలం పెట్టుకుని కూర్చునేవారు."

"ఇప్పుడు మీ చేతులు చూసుకోండి," అంది ఆమె నాతో.

ఒళ్లో ఉన్నాయి. ఎండలో పడుకున్న రెండు పిల్లుల్లా కదలకుండా ఉన్నాయి. ఎన్ని నెలలుగా వీటిని దాచానో, అన్ని నెలలుగా వీటిని చూడనే లేదు.

నాన్నగారిది వేరట. నాది పని చేసేటప్పుడు మాత్రమే వచ్చే వణుకు. చాలామందికి వయసుతో వచ్చేదే, పక్షులది కాదు. సూది దగ్గర, కప్పు దగ్గర చికాకు పెడుతుంది. స్టీరింగును గట్టిగా పట్టుకున్న చేతిని అది ప్రస్తుతం పెద్దగా కదిలించదని పరీక్షించి చెప్పింది. కళ్లు, చురుకు కూడా చూసింది.

"నడపవచ్చునా?"

"నడపండి. ఏటా ఒకసారి వచ్చి చూపించుకోండి. నేను వద్దన్న రోజున మాత్రం వాదించకుండా తాళం ఇచ్చేయాలి."

"మీకా?"

"నాకిస్తే నేను కాదనను గానీ, మీ ఇంట్లో ఎవరికైనా," అంది.

బయటికి వచ్చాక తమ్ముడు బెంచీ మీద కూర్చుని, లేవడానికి నా చెయ్యి అడిగాడు. ఇచ్చాను. ఇద్దరిలో ఎవరి చెయ్యి వణికిందో చెప్పలేను.

జూన్ 30

పొద్దున్నుంచి వాన. కోడలు చెప్పులు వేసుకుని, గొడుగు పట్టుకుని, కారు పక్కన నిలబడింది.

"అత్తయ్యా, పిచ్చుక బడిలో ఉంది. నన్నొకసారి తిప్పుకొస్తారా?"

పిల్లను ఎక్కించే ముందు తాను ఎక్కాలనుకుంది. చాలా గౌరవం కలిగింది. కొత్త రబ్బరు మీద కొన్నాళ్లు నెమ్మదిగా పోవాలని దుకాణంలో చెప్పారు కనుక, నెమ్మదిగానే పోయాను. పెద్ద కూడలి దగ్గర ఆమె పాదాలు కింద గట్టిగా తన్నిపెట్టుకోవడం చూశాను. నా పాదాలూ అదే పని చేస్తున్నాయి. తోట చుట్టూ తిరిగాం. నీళ్లు రెండు పక్కలా రెక్కల్లా లేచాయి. బండి నేను చెప్పిన మాట విన్నది. రవ్వంత ఆలోచించి విన్నది.

"ఇంకో చుట్టు," అంది కోడలు.

తిరిగాం. మూడో చుట్టులో ఆమె పాదాలు మామూలుగా పెట్టుకుంది. ఆ తరువాత ఎటూ వెళ్లకుండా ఆ తోట చుట్టూనే తిరుగుతూ ఉంటే, కూడలిలో పూలు అమ్మే ఆవిడ గొడుగు కింద నుంచి మాకు చెయ్యి ఊపడం మొదలుపెట్టింది.

"నేను అడగలేకపోయాను," అంది కోడలు. "అడిగితే మీరు వెంటనే తాళం తీసి నా చేతిలో పెట్టేసేవాళ్లు. అది నాకు ఇంకా కష్టంగా ఉండేది."

"నేనూ చెప్పలేకపోయానమ్మా."

"కప్పు బల్ల మీద పెడుతున్నందుకు కోపమొచ్చిందా?"

"బల్లకు వచ్చింది. మరకలు పడుతున్నాయి."

అప్పుడు నవ్వింది. ఈసారి కళ్ల దాకా వెళ్లింది. ఇంటి ముందు ఆపాక దిగలేదు. స్టీరింగు వైపు చూస్తూ, "ఇది నేర్చుకోవడం కష్టమా?" అంది.

జూలై 2

కోడలు పాఠం. క్లచ్చు వదలడంలో తొందర ఉంది. మలుపు ముందే చూసే గుణం ఉంది, అది నేర్పితే రాదు. తమ్ముడు గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని, దాటిన ప్రతిసారీ తప్పులు అరిచి చెబుతున్నాడు. ఈ ఇంట్లో వాడికి ఇంత ఆనందమైన రోజు నేను చూడలేదు.

జూలై 6

పోటీ అయింది. వెళ్లేటప్పుడు నేను నడిపాను, సన్నటి వానలో. పిచ్చుక నాలుగోదిగా వచ్చి, మూడోదానికి చెయ్యి పొడుగని వాదించింది. తిరిగి వచ్చేటప్పుడు కోడలికి తాళం ఇచ్చి పక్కన కూర్చున్నాను. వెనక ఇరుకు సీట్లో పిచ్చుక తడి జుట్టుతో, తువ్వాలు కప్పుకుని ముడుచుకుంది. పెద్ద కూడలి వచ్చింది. తోట చుట్టూ బండి మెత్తగా తిరుగుతుండగా వెనక నుంచి గొంతు వినబడింది.

"నాయనమ్మా, ఈసారి ఏమీ మరిచిపోలేదా మనం?"

"లేదమ్మా. అన్నీ తెచ్చుకున్నాం."

వెనక్కి తిరిగి చూశాను. నిద్రపోయింది. సీటు బెల్టు మీద చేతులు లేవు. రెండూ వదులుగా ఒళ్లో పడి ఉన్నాయి.

ఈ గ్రంథం ఇక్కడికి ముగిసింది. రాసింది వణికే చెయ్యి గల ఒక ముసలిది. కాలం వానలు బాగా పడిన సంవత్సరం. అక్షరాలు వంకరగా ఉంటే చదివేవారు మన్నింతురుగాక. నా తరువాత ఈ చక్రం పట్టేవారికి, వారి తరువాత పట్టేవారికి, కింద రబ్బరు ఎల్లప్పుడూ మెత్తగా ఉండుగాక. మొన్న అన్నది నిజంగా మొన్నే అగుగాక. ఎదురు వచ్చే బండి ఎప్పుడూ దూరంలోనే ఉండుగాక. వారి వెనక సీట్లో కూర్చున్న పిల్లలు చేతులు వదిలి నిద్రపోవుదురుగాక. ఎన్ని మలుపులు తిరిగినా, చివరి మలుపులో వారు తమ ఇంటి వైపే తిరుగుదురుగాక.